మట్టిగోడల పెంకుటింట్లో వంటిల్లు బాగుచేయాలి, లక్షన్నరలో అవుతుందా?

పరకాల_కోడలు

అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. మామయ్య పోయినప్పటి నుంచి అత్తమ్మ ఒక్కతే ఉంటోంది. హన్మకొండలో కిరాయి ఫ్లాటు ఖాళీ చేసి మేమూ అక్కడికే మారిపోతున్నాం. ఇల్లు మట్టిగోడల గూనపెంకుటిల్లు. ముందు అర్రలు బాగానే ఉన్నాయి, గొడవంతా వంటింటితోనే.

సైజు 10 x 12 అడుగులు. గోడలు మూరెడు మందం. కింది నుంచి నడుమెత్తు దాకా ఎప్పుడో సిమెంటు గిలాబు (ప్లాస్టరింగు) చేయించారు. అదిప్పుడు ఉబ్బి పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది, వేలితో కొడితే డొల్ల చప్పుడు. పైనుంచి మసి, మట్టి రాలుతుంది. మూత పెట్టకుండా పప్పు ఉడకేస్తే ఇక అంతే సంగతులు. కరెంటు తీగలు ఇంకా చెక్కబద్దల మీదనే పోతున్నాయి. సింకు లేదు. గిన్నెలు పెరటి బండ దగ్గర తోముతాం, ఆ నీళ్లు వంటింటి గోడ పక్క మోరీలోకే పోతాయి.

మాడ్యులర్ కిచెన్ వాళ్లను ఒకరిని పిలిపిస్తే 3 లక్షల 40 వేలు చెప్పి, "ముందు ఈ గోడలు తీయించండి మేడమ్" అన్నారు. అత్తమ్మ ఆ మాట వినడానికే ఒప్పుకోలేదు. నాకూ కూల్చాలని లేదు. మే నెలలో ఆ ఇంట్లో ఉండే చల్లదనం మా ఫ్లాటులో కూలర్ పెట్టినా రాదు. చేతిలో ఉన్నది లక్షన్నర. దేని మీద ముందు పెట్టాలి, దేన్ని ఆపుకోవచ్చు?

స్లాబ్_భాయ్ (జమ్మికుంట)

సీదా చెప్తా, ఏమనుకోకండి అక్కా. ఆ లక్షన్నర మట్టిగోడకు పెడితే బూడిదలో పోసిన పన్నీరే. తీసేసి నాలుగు పిల్లర్లు లేపి స్లాబు పోసుకోండి. ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలు ఇస్తున్నారు కదా, మీ అత్తమ్మ పేరు మీద పెట్టండి.

కాజీపేట_సివిల్

ఆ 5 లక్షలు కొత్తిల్లు కట్టుకునేవాళ్లకు, అదీ అర్హత ఉంటేనే. కనీసం 400 చదరపు అడుగులు కట్టాలి, డబ్బులు దశలవారీగా పడతాయి. వంటింటి రిపేరుకు కాదు. ఆమె అడిగింది ఒకటి, మీరు చెప్తున్నది ఇంకొకటి.

సుతారి_కొడుకు (నర్సంపేట)

అక్కా, మీ గోడకు ఏ జబ్బూ లేదు. జబ్బంతా ఆ సిమెంటు గిలాబుది.

మట్టిగోడ భూమిలోంచి తేమ గుంజుకుంటుంది, గాలికి వదిలేస్తుంది. రోజూ జరిగే పని అది. మీద సిమెంటు కొట్టేసరికి ఆ తేమకు బయటికి దారి పోయింది. లోపలే నిలుస్తుంది, ఉప్పు పేరుకుంటుంది, గిలాబును వెనకనుంచి నెడుతుంది. పైగా సిమెంటు గట్టిది, మట్టి మెత్తది, ఎండకూ వానకూ రెండూ ఒక్కతీరుగా కదలవు. ఊడిన పెచ్చు ఒకటి చేతిలోకి తీసుకుని తిరగేసి చూడండి. దాని వీపుకు వేలెడు మందం గోడమట్టి అంటుకుని ఉంటుంది, మధ్యలో తెల్లటి ఉప్పుపొర కనిపిస్తుంది. అంటే గిలాబు పోతూ పోతూ గోడను కూడా కొంచెం తీసుకుపోతోంది. మళ్లీ సిమెంటే కొట్టిస్తే మళ్లీ ఇదే కథ, ఈసారి గోడ ఇంకా సన్నబడుతుంది.

చేయాల్సింది: పాత గిలాబు మొత్తం తీసేయాలి. సుత్తితో బాదొద్దు, ఉలిని పక్కవాటుగా పెట్టి లేపాలి. గోడను ఎండనివ్వాలి. గుంటలు పడ్డచోట మట్టినే నింపాలి. ఊరి పాటిమట్టి (పాత ఊరిదిబ్బ మట్టి) దొరికితే మంచిది. తరిగిన వరిగడ్డి కలిపి, నీళ్లు పోసి నాలుగైదు రోజులు మురగనిచ్చి, కాళ్లతో తొక్కి పెట్టాలి. అది ఆరాక సున్నం గిలాబు, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక.

సున్నం అంటే ప్యాకెట్ల సున్నం కాదు, రాళ్ల సున్నం. ఇనుప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, అందులో సున్నం కొద్దికొద్దిగా వేయాలి. సున్నం మీద నీళ్లు గుమ్మరించొద్దు. కుతకుత ఉడుకుతుంది, చిందితే కన్ను పోతుంది. ప్లాస్టిక్ డ్రమ్ము ఆ వేడికి ఆగదు. పిల్లల్ని దరిదాపులకు రానీయొద్దు. రెండు వారాలన్నా నాననిచ్చి సన్న జల్లెడ పట్టాలి. ఉడకని గడ్డలు లోపల ఉండిపోతే, గోడమీదికెక్కాక అవి ఎప్పుడో నీళ్లు తాగి పేలి, చిన్న చిన్న గుంటలు పడతాయి. మా నాయన కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాడు.

గోడ తడిపి పలుచగా రెండు పొరలు వేయాలి. గోనెపట్టాలు కట్టి రోజూ నీళ్లు చిలకరించాలి. రోహిణి కార్తెలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, ఆ ఎండకు పైపొర ఆరిపోయి బీటలిస్తుంది.

పరకాల_కోడలు

మీరు చెప్పినట్టే పెచ్చు తిరగేసి చూశాను తమ్ముడూ. మట్టీ ఉంది, తెల్లపొరా ఉంది. కానీ సున్నం పని తెలిసిన సుతారి (తాపీమేస్త్రీ) ఎక్కడ దొరుకుతాడు? మా ఊరి ఆయనను అడిగితే నవ్వాడు.

సుతారి_కొడుకు (నర్సంపేట)

నవ్వుతారు. తర్వాత "ఒక్క బస్తా సిమెంటు కలుపుదాం మేడమ్, గట్టిగుంటది" అంటారు. ఆ మాటకు ఒప్పుకోవద్దు. చేయి తిరిగిన సుతారి ఎవరైనా సున్నం వేయగలడు, ఓపిక ఒక్కటే కావాలి. గుత్తకు ఇవ్వకుండా రోజు కూలికి పెట్టుకోండి. గుత్తకిస్తే రెండో పొర వేయడానికి ఆగరు.

మంథని_మాస్టారు

గోడ సంగతి బాగా చెప్పారు. కానీ అమ్మా, ఆ మోరీ అక్కడే ఉన్నంతకాలం సున్నం వేసినా వజ్రం వేసినా దండగ. రోజూ గిన్నెల నీళ్లు గోడ మొదట్లోకి పోతుంటే గోడ తాగక ఏం చేస్తుంది? రామప్ప గోపురం ఇటుకలు నీళ్లలో తేలుతాయని చెప్పుకుంటాం. మన మట్టిగోడలకు ఆ విద్య రాదు.

ముందు మోరీని గోడనుంచి నాలుగడుగులు దూరం జరపండి. గోడ వెంట బయట రెండున్నర అడుగుల వెడల్పున బండలు పరిపించండి, వాలు బయటికి ఉండాలి. చూరు నీళ్లు ఆ బండమీద పడి అటే పోవాలి. సింకు పెడితే దాని పైపు కూడా గోడ దాటాక అక్కడే వదిలేయకుండా పెరట్లో అరటిచెట్టు దాకా తీసుకెళ్లండి.

2023 జూలై వానలు గుర్తున్నాయి కదా. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. ఆ వారం మా వైపు కూలిన మట్టిగోడలు నేను చూసినంతలో రెండే రకాలు. కప్పు కారి పైనుంచి నానినవి, మొదట్లో నీళ్లు నిలిచి కిందనుంచి నానినవి. పైన కప్పు, కింద వాలు సరిగ్గా ఉన్నవి అదే వాడలో అట్లాగే నిలబడ్డాయి.

స్లాబ్_భాయ్ (జమ్మికుంట)

సార్, నిలబడ్డవాటి గురించే చెప్తున్నారు. పడ్డవాటి కింద మనుషులుంటే ఎవరిది బాధ్యత? మా పక్కింట్లో గోడ పడి బర్రె చచ్చిపోయింది. నేను ఊరికే కూల్చమనడం లేదు.

కాజీపేట_సివిల్

అది న్యాయమైన మాట, దాన్ని తీసేయలేం. కాబట్టి పైసా ఖర్చు పెట్టకముందు గోడ నిలుస్తుందా లేదా చూసుకోండి. పైనుంచి తూకంగుండు వేలాడదీయండి. గోడ ఎక్కడన్నా పొట్టగా బయటికి వచ్చిందా, మొత్తం ఒకవైపు ఒరిగిందా తెలుస్తుంది. రెండు గోడలు కలిసే మూలలో నిలువు పగులు ఉండి, అది కిందికంటే పైన వెడల్పుగా ఉంటే మూల విడిపోతున్నట్టు. పగులు పాతదా, ఇంకా నడుస్తోందా అనేది తెలియాలంటే దాని మీద అడ్డంగా చిన్న గాజు ముక్క సిమెంటుతో అంటించి, తారీఖు రాసి పెట్టండి. వానాకాలం దాటినా గాజు పగలకపోతే భయం లేదు. పగిలిందంటే గోడ ఇంకా కదులుతోంది.

మీది నల్లరేగడా, ఎర్రచెల్కా? రేగడి అయితే ఈ పరీక్ష తప్పనిసరి. ఆ నేల వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది, దానితోపాటే గోడా. ఒరిగిన గోడ అయితే నేనూ స్లాబ్ భాయ్ పక్షమే, ఆ ఒక్క గోడ వరకు తీసి ఇటుకతో కట్టుకోవాలి.

పరకాల_కోడలు

ఊరంతా రేగడే గాని మా ఇల్లున్నది పాత గడ్డమీద, అక్కడ ఎర్రమట్టి. గుండు వేయించాం, మూడు గోడలు నిక్కచ్చిగా ఉన్నాయి. పెరటివైపుది అంగుళంలోపు ఒరిగింది. అత్తమ్మ లెక్క ప్రకారం "అది మొదటినుంచీ అంతే". గాజు ముక్క పెట్టాం.

గూనపెంక (భూపాలపల్లి)

కోతుల గురించి ఎవరూ మాట్లాడరేం?

కప్పు మీద ఎంత పెట్టినా ఒక్క కోతులమంద వచ్చి పోతే మళ్లీ మొదటికే. గూనలు పీకి చూస్తాయి, విసిరేస్తాయి. మావాళ్లు గూనలు దింపినప్పుడే పని కానిచ్చేశారు. చెదపట్టిన వాసాలు మార్చి, మీద బద్దలు కొట్టి, గూనలు తిరిగి పరిచాక పైన ఇనుప జాలి పరిచి తీగతో కట్టేశారు. చూడ్డానికి బాగుండదు, ఒప్పుకుంటా. కానీ రెండు వానాకాలాలు నిమ్మళంగా ఉన్నాం.

వాసం బాగుందో లేదో చూడాలంటే చాకు మొన గుచ్చండి. టేకు, నల్లమద్ది అయితే మొన దిగదు. మెత్తగా దిగిందంటే లోపల చెద తినేసింది, పైన మసి పట్టి నల్లగా నిగనిగలాడుతున్నా సరే. ముఖ్యంగా గోడలో కూర్చునే కొసలు చూడండి, చెద అక్కడే మొదలవుతుంది. నడుమ బాగుండి కొస పోతే మొత్తం వాసం మార్చక్కర్లేదు, పక్కన తోడు వాసం వేసి బోల్టులు బిగిస్తే చాలు.

గూనలు కొత్తవి చేసే కుమ్మరులు ఇప్పుడు తక్కువ. ఊళ్లో ఎవరైనా పాతిల్లు తీసేస్తుంటే మాట్లాడుకోండి, మోసుకుపోతే చాలనేవాళ్లే ఎక్కువ. బెంగళూరు పెంకకు మారదామంటే బద్దల కొలత మొత్తం మారుతుంది, ఖర్చు పెరుగుతుంది.

ఇల్లాలు_హుజూరాబాద్

వెలుతురు సంగతి కూడా ఇప్పుడే చూసుకో చెల్లీ, గూనలు దింపినప్పుడే. గాజుపెంక బెంగళూరు పెంక అచ్చులో వస్తుంది, గూనల నడుమ సరిగ్గా కూర్చోదు. మేము తెల్ల ఫైబర్ రేకు ముక్క వేయించాం. కూరగాయలు తరిగే చోటికి పైన వచ్చేట్టు వేయించు, పొయ్యికి పైన వద్దు. జిడ్డు పట్టి నెలకే మసకబారుతుంది.

దుబాయ్_జగిత్యాల

మసి రాలకుండా పీవీసీ సీలింగ్ కొట్టించండి అక్కా, ఒక్కరోజు పని. మా ఇంట్లో మస్తుగుంది.

వైర్‌మన్_అన్న

మీది స్లాబు కింద కొట్టించారు కాబట్టి మస్తుగుంది. పెంకుల కింద మొత్తం మూసేస్తే పైన ఎలుకల రాజ్యం. కప్పు ఎక్కడ కారుతుందో కూడా కనపడదు, వాసం మొత్తం కుళ్లాక తెలుస్తుంది. పొయ్యి పొగ, తాలింపు ఆవిరి పెంకుల సందుల్లోంచి పోతున్నాయి చూడండి, ఆ దారీ మూసుకుపోతుంది. పీవీసీ వేడికి వంగుతుంది కూడా. కప్పు శుభ్రం చేయించి, వంటగట్టు మీద వరకే ఫైబర్ సిమెంటు బోర్డు వాలుగా కట్టించండి. రాలేది బోర్డు మీద పడుతుంది, సంవత్సరానికోసారి దులుపుకుంటారు. పొయ్యి పక్కన గోడకు ఎత్తులో ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు, చిమ్నీ అవసరం లేదు.

ఇక నా పని. చెక్కబద్దల వైరింగ్ పూర్తిగా తీసేయించండి, అందులో వాదన లేదు. మట్టిగోడను కోసి పైపులు పూడ్చొద్దు, గోడ మీదనే పీవీసీ పైపుల్లో తీసుకెళ్లండి. లైట్లకు 1.5 ఎంఎం వైరు. ఇండక్షన్, మిక్సీ, ఫ్రిజ్ ప్లగ్గులకు బోర్డునుంచి వేరే లైను, 4 ఎంఎం. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు గుంజుతుంది, దాన్ని 6 ఆంపియర్ల ప్లగ్గులో పెట్టి "ఎందుకు కాలిపోయింది" అని నాకు ఫోన్లు చేస్తారు. తడి గోడ, తడి నేల ఉన్నచోట 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే స్విచ్చి) పెట్టకుండా ఉండొద్దు. దానితోపాటు సరైన ఎర్తింగ్. నల్లా పైపుకు తీగ చుట్టి అదే ఎర్తింగ్ అనే మహానుభావులు ఇంకా ఉన్నారు.

గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలమీదే పరుచుకుంటుంది. సిలిండరును తలుపులున్న అల్మారాలో బంధించొద్దు. పొయ్యి సిలిండరు తలకంటే ఎత్తులో ఉండాలి. సురక్షా గ్యాస్ ట్యూబు మీద తేదీ చూడండి, ఐదేళ్లు దాటితే మార్చాలి.

పరకాల_కోడలు

గట్టు గురించి ఎవరైనా చెప్పండి. కడపబండ వేయించమంటున్నారు, చవక అని. అత్తమ్మకేమో గట్టే వద్దు, ఆమె కూర్చునే వండుతుంది.

ఇల్లాలు_హుజూరాబాద్

కడపబండ సున్నపురాయి జాతి. చింతపండు రసం, నిమ్మకాయ పడ్డచోటల్లా తెల్ల మచ్చ పడుతుంది, తోమినా పోదు. అరలకు, అడుగున గూళ్లకు అదే వాడు, దానికి మించింది లేదు. పైన మాత్రం గ్రానైట్ వేయించు. మనకు కరీంనగర్ పక్కనే ఉండగా గ్రానైట్‌కు భయమెందుకు? పాలిష్ యూనిట్ల దగ్గర కోతలో మిగిలిన ముక్కలు అడుగు. ఎనిమిదడుగుల ఒకే బండ కావాలంటేనే రేటు. రెండు ముక్కలు అతికించుకుంటే చాలా తగ్గుతుంది, అతుకు సింకు దగ్గర రాకుండా చూసుకో.

ఎత్తు సంగతి సుతారికి వదిలేయకు. వాళ్లు కళ్లు మూసుకుని 33 అంగుళాలు పెడతారు. కూర వండడానికి అది బాగానే ఉంటుంది. జొన్నరొట్టె చేసి చూడు, భుజాలు లాగేస్తాయి. రొట్టె తట్టాలంటే అరచేతి మీద ఒంటి బరువు పడాలి, అందుకు బండ తక్కువ ఎత్తులో ఉండాలి. మేము గట్టు చివర రెండడుగుల ముక్క 27 అంగుళాలకు దింపించాం. మీ అత్తమ్మకు ఇంకో పని చేయి. ఒక మూలకు జానెడున్నర ఎత్తు అరుగు కట్టించి దాని మీద ఒక కట్టెల పొయ్యి పెట్టు. పీట వేసుకుని కూర్చుంటుంది. పెద్దవాళ్ల మోకాళ్లకు నిలబడి వండడం శిక్షే.

అల్లం దంచేది గట్టు మీద వద్దు. రోలు నేలమీదే ఉండనీ.

సుతారి_కొడుకు (నర్సంపేట)

ఒక్కమాట. గట్టు బండను మట్టిగోడలోకి దూర్చొద్దు. ఇటుక కాళ్లు కట్టి వాటిమీదే నిలబెట్టండి, గోడకు ఆనినట్టు ఉండాలి తప్ప గోడ మోయకూడదు. వెనకాల నీళ్లు చిందే చోట టైల్స్ అతికించకండి, మట్టి మీద నిలవవు, పైగా అదే సిమెంటు కథ. పాలిష్ తాండూరు బండ ఒకటిన్నర అడుగుల ఎత్తు ముక్కలు గట్టు మీదనే నిలువుగా నిలబెట్టి, గోడకు వేలి సందు వదిలేయండి. గోడకు గాలి ఆడుతుంది.

దుబాయ్_జగిత్యాల

కింద అల్మారాలన్నా ప్లైవుడ్‌తో చేయించుకోండి అక్కా.

కాజీపేట_సివిల్

మట్టిగోడ, మట్టినేల, పైన వాసాల్లో చెద చరిత్ర. అక్కడ ప్లైవుడ్ పెడితే చెదకు విందు పిలుపే. 710 గ్రేడు (మెరైన్) ప్లై కొంచెం ఆగుతుంది గానీ ఆ ధర ఈ బడ్జెట్‌కు కాదు. కడపబండ అరలు, అల్యూమినియం తలుపులు. తలుపులు తర్వాతైనా పెట్టుకోవచ్చు.

పరకాల_కోడలు

అందరికీ చెప్పకుండా మాయమైపోయానని తిట్టుకున్నారేమో. పని నడుస్తోంది, అందుకే.

వానలు పోయాక గాజు ముక్క పగల్లేదని చూసుకుని మొదలుపెట్టాం. మొదట మోరీ జరిపి బండలు పరిపించాం, 14 వేలు. కప్పుకు 38 వేలు అయింది, జాలితో కలిపి. కొసలు పోయిన వాసాలు అనుకున్నదానికంటే ఎక్కువే తేలాయి. గోడలకు 35 వేలు, అందులో సున్నం, ఇసుక ఖర్చు తక్కువ, కూలీలదే ఎక్కువ. సుతారి నిజంగానే సిమెంటు కలుపుదామన్నాడు! వైరింగ్ 17 వేలు. గట్టు, సింకు, అరలు కలిపి 30 వేలు. ఫైబర్ సిమెంటు బోర్డు, ఫ్యాను 8 వేలు. ఇప్పటికి 1 లక్షా 42 వేలు. అల్మారా తలుపులకు పైసలు మిగల్లేదు, సింకువైపు పరదాలు కట్టాను. పొయ్యివైపు కట్టలేదు, నిప్పు భయం.

అత్తమ్మ అరుగు చూసి ఏమీ అనలేదు గానీ, మర్నాటి పొద్దున పొయ్యి వెలిగించింది అక్కడే. తకరారు ఇంకోచోట వచ్చింది. కూరాడు కుండ (ఇంటి దేవతగా కొలుచుకునే కుండ) ఉండే మూలలోనే ఫ్రిజ్ ప్లగ్గు వచ్చేలా గీత గీశాడు వైరింగ్ అబ్బాయి. "కూరాడు కదిలేది లేదు" అంది. ఫ్రిజ్ వసారాలోకి పోయింది. ఇంట్లో అందరికీ చల్లనీళ్లకు నాలుగడుగులు ఎక్కువ నడక.

ఇల్లాలు_హుజూరాబాద్

మంచి పని చేసింది మీ అత్తమ్మ. ఫ్రిజ్ ఎక్కడైనా ఉంటుంది.

స్లాబ్_భాయ్ (జమ్మికుంట)

నా మాట నాదే అక్కా, మా అమ్మకైతే స్లాబే పోస్తా. కానీ ఆ రొట్టె బండ 27 అంగుళాలు నేలనుంచి బండ అడుగు దాకానా, పైభాగం దాకానా? మా అమ్మ కనుక్కోమంటోంది.

ఇల్లాలు_హుజూరాబాద్

నేలనుంచి బండ పైభాగం దాకా. మీ అమ్మగారు పొట్టిగా ఉంటే ఇంకో అంగుళం తగ్గించుకోండి. నిలబెట్టి, చేతులు కిందికి వదిలి, అరచేయి చాపమనండి. అరచేయి ఆనే ఎత్తే సరైన కొలత.

పరకాల_కోడలు

సుతారి తమ్ముడూ, డ్రమ్ములో పావు వంతు సున్నం మిగిలింది. పారబోయాలా?

సుతారి_కొడుకు (నర్సంపేట)

పారబోయకండి. పైన నాలుగు వేళ్ల నీళ్లు నిలిచేలా చూసి మూత పెట్టండి, ఏడాదైనా పాడవదు. దసరాకు ముందు నీళ్లలో కలిపి, పిడికెడు ఉప్పు వేసి గోడలకు కొట్టుకోండి. నీళ్లు ఇంకిపోయి పైన గట్టిపడితే మాత్రం ఇక పనికిరాదు, వారానికోసారి మూత తీసి చూడండి.